గాలి లేవని వేళ ఎగిరిన డ్రోన్

మా సర్కిల్‌లో ఇకమీదట ఏ ఊరి మీద డ్రోన్ ఎగరాలన్నా, ఏ వీధిలో కెమెరా బిగించాలన్నా, పోలీసులు ముందు ఆ ఊరి కమిటీతో మాట్లాడాలట. ఆ కమిటీలో సగం మంది ఆడవాళ్లు ఉండాలట. ఈ వారమే నిర్ణయించారు. స్టేషన్ నుంచి ఫోన్ చేసి చెప్పారు. నేను రిటైరై ఏడాది దాటింది, ఆ నిర్ణయంతో నాకిప్పుడు ఏ పనీ లేదు. అయినా ఫోన్ పెట్టేసి మా ఆయనకు చెప్పాను, పక్కింటావిడకు చెప్పాను, పాలు పోసే అతనికీ చెప్పాను. అతను ఓపిగ్గా విని, "మంచిదే మేడం, రేపు పెరుగు కూడా కావల్నా?" అన్నాడు.

కనిపించిన వాళ్లందరికీ చెప్పేశాను కాబట్టి ఇక రాయడమే మిగిలింది. ఈ ఏడు కానిస్టేబుళ్లుగా చేరబోయే పిల్లల కోసం రాస్తున్నాను. ప్రమోషన్లు, బదిలీలు, మెమోల సంగతి రాయను. వాటి మీద ఎవరికైనా ఆసక్తి ఉంటే ఆఫీసులో ఫైళ్లున్నాయి. ఉద్యోగం నిజంగా ఎలా ఉంటుందో, అందులోనూ మనుషుల్ని చూసే పని ఎలా ఉంటుందో, అదొక్కటే రాస్తాను.

మా ఇంట్లో మొదట డిగ్రీ చదివింది నేనే. మా నాయన గొర్రెలు కాసేవాడు. అనంతపురంలో బీఏ పాసయ్యానని పరిగెత్తుకుంటూ వచ్చి చెప్పినప్పుడు ఆయన అడిగింది ఒక్కటే: "ఇంగ నిన్ను దారిలో ఎవురూ ఆపి అడగరు గదమ్మా?" మేత కోసం మంద తోలుకుని ఊరూరూ తిరిగే మనిషిని కనిపించిన ప్రతివాడూ ఆపేవాడు. ఎవరి గొర్రెలు, యాడ నుంచి, యాడికి? ఆయన లెక్కలో చదువంటే ఆ ప్రశ్నలు తప్పడం. ఆయన కూతురు వెళ్లి వెళ్లి ఆ ప్రశ్నలు అడిగే ఉద్యోగంలోనే చేరింది.

గుత్తిలో హుసేన్ సాబ్

నా మొదటి పోస్టింగు గుత్తి. కోట కింద సందులన్నీ కాళ్లకు తెలిసిన హెడ్ కానిస్టేబుల్ ఒకాయన ఉండేవాడు, హుసేన్ సాబ్. అప్పట్లో కెమెరాలు లేవు. బీటుకు పోయే మనిషే కెమెరా. ఎవరింట్లో కొత్త మనిషి దిగాడో, ఎవరు పనికి పోవడం మానేశారో ఆయనకు తెలియకుండా ఉండేది కాదు.

ఒక సాయంత్రం టీ అంగడి దగ్గర మా కానిస్టేబుల్ ఒకడు, ఫలానా మేస్త్రీ పని దిగాక రోజూ ఎవరింటికి పోతాడో నవ్వుతూ చెప్పడం మొదలుపెట్టాడు. అంగడి అతను కూడా చెవి ఇటు పెట్టాడు. హుసేన్ సాబ్ గ్లాసు కింద పెట్టాడు.

"ఏం బే, ఆయప్ప మీద కేసుండాదా?"

"లేదన్నా."

"కంప్లైంటు?"

"లేదన్నా, బీటులో కనపడినాడు అంతే."

"నీకు ఈ యూనిఫాం ఉండబట్టి ఆ సందులో నిన్ను ఎవురూ ఆపలేదు. మామూలు గుడ్డలేసుకోని పోయుంటే తన్ని పంపిచ్చుందురు. పనికి రాని సంగతి యాడ కనపడితే ఆడే ఇడిసిపెట్టి రావల్ల. టీ అంగట్లోకి మోసుకోని వస్తావేంది?"

ఆయన మహాత్ముడేం కాదు. లాకప్పులో చేయి చేసుకునేవాడు, దాన్ని నేనప్పుడూ ఒప్పుకోలేదు, ఇప్పుడూ ఒప్పుకోను. కానీ ఈ ఒక్క విషయంలో నాకు ట్రైనింగు ఇచ్చింది ఆయనే. ట్రైనింగు కాలేజీలో చూడటం ఎలాగో నేర్పారు. చూసిందాన్ని ఏం చేయకూడదో ఎవరూ చెప్పలేదు. మీకూ చెప్పకపోవచ్చు.

మడకశిర బస్టాండు టీవీ

తర్వాత చాలా ఏళ్లకు మడకశిరలో పనిచేశాను. అప్పటికి కెమెరాలు వచ్చాయి. బస్టాండు దగ్గర వ్యాపారులు చందాలు వేసుకుని కెమెరాలు కొనిచ్చారు. మా స్టేషన్లో అప్పుడు మరమ్మతులు జరుగుతున్నాయని వాటి తెరను బస్టాండు ఎదురుగా ఉన్న బట్టల అంగడిలో పెట్టారు. నాలుగు రోజులకని పెట్టింది అక్కడే ఉండిపోయింది. అంగడి సేటు గల్లా పక్కన పెట్టుకుని దాన్ని టీవీలా చూసేవాడు. ఎవరు ఏ బస్సెక్కారు, ఎవరి పక్కన నిలబడ్డారు, అన్నీ ఆయనకు తెలిసేవి.

ఒకరోజు ఆ తెరలో ఒక అమ్మాయి కర్ణాటక వైపు పోయే బస్సెక్కుతూ కనిపించింది, వెంట వేరే కులం అబ్బాయి. సేటు మాకు ఫోన్ చేయలేదు. అమ్మాయి చిన్నాయనకు చేశాడు. ఊరు దాటకముందే మోటారు సైకిళ్లు బస్సుకు అడ్డం పడ్డాయి. డ్రైవరు తెలివైన మనిషి. తలుపు తీయకుండా బస్సును వెనక్కి తిప్పి, ప్రయాణికులందరితో సహా తెచ్చి స్టేషన్ ముందు నిలిపాడు. ఆ ఇద్దరూ మేజర్లు. వాళ్లు బతికి బయటపడింది డ్రైవరు వల్లే, మా వల్ల కాదు.

తెర విప్పడానికి మేం పోతే సేటు గొడవ పెట్టుకున్నాడు.

"దుడ్లు పెట్టింది మేము. చూసేది మాత్రం మీరేనా మేడం? ఇదేం న్యాయం?"

"పోయినేడు బడికి బెంచీలు కూడా మీరే కొనిచ్చినారు గదా సేటూ. పిల్లోళ్ల పరీక్ష పేపర్లు మీరే దిద్దుతాండారా?"

"అది వేరే, ఇది వేరే."

"రెండూ ఒకటే. తెర ఇటియ్యండి."

చందా ఇచ్చినవాడు కెమెరాకు యజమాని అయిపోడు. ఇది రాసినంత సులభంగా అమలు కాదు. ఎందుకంటే రేపు స్టేషన్‌కు కుర్చీలు కావాలన్నా మనం పోయేది ఆ సేటు దగ్గరికే.

డ్రోన్ దిగింది

ఇక అసలు సంగతి. నా చివరి స్టేషన్ నల్లమాడకు అవతల. నేను ఏఎస్సైని. అక్కడొక ఊళ్లో జరిగింది ఇది. ఆ ఊరి పేరు రాయను, మనుషుల పేర్లు కూడా మార్చాను.

మా ఎస్సై కిరణ్. కోస్తా నుంచి వచ్చిన ఇంజినీరు కుర్రాడు. పని మీద ప్రేమ ఉన్నవాడు, నా వయసులో సగం ఉంటాడు. స్టేషన్‌కు డ్రోన్ వచ్చిన రోజు కొత్త బండి కొన్నవాడిలా దాని చుట్టూ తిరిగాడు. దాన్ని ఎగరేసే పని కదిరి నుంచి వచ్చిన కానిస్టేబుల్ ఫకృద్దీన్‌కు అప్పగించాడు.

మా దగ్గర పేకాట పెద్ద తలనొప్పి. ఊరి బయట కంప చెట్లలో గుంపులుగా కూర్చుని తెల్లవార్లూ అందర్ బాహర్ ఆడతారు. జీపు శబ్దం మైలు దూరం నుంచే వినిపిస్తుంది, మేం చేరేలోపు ఒక్కడూ మిగలడు. డ్రోన్‌కు ఆ ఇబ్బంది లేదు. కిరణ్ సంతోషం అర్థం చేసుకోదగ్గదే. ఆ ఆటలో సంసారాలు పోయినవాళ్లను నేనూ చూశాను.

అది ఆషాఢం. మా పక్క ఆషాఢంలో గాలి ఎలా ఉంటుందో మీలో ఈ జిల్లా వాళ్లకు చెప్పక్కర్లేదు. పొద్దెక్కితే కప్పు మీద రేకులు లేచిపోతాయి. పగలు డ్రోన్ ఎగరేస్తే అది పక్క మండలంలో దిగుతుంది. అందుకని ఫకృద్దీన్ ఒక పద్ధతి పెట్టుకున్నాడు.

"తెల్లారుజామున గాలి నిద్రపోతాంటాది మేడం. అప్పుడు లేపినామంటే గద్ద మాదిరి నిలబడతాది," అన్నాడు.

సాంకేతికంగా అతను చెప్పింది నూటికి నూరు పాళ్లు సరైనది. గాలి లేవకముందు, చీకటి పలచబడుతున్న వేళ, ఊరికి పడమట కంప చెట్ల మిట్ట మీద డ్రోన్ లేపాడు. పేకాటగాళ్లు కంపలో నుంచి పంచెలు ఎగగట్టి పరిగెత్తారు. ఇటు పక్క నుంచి మావాళ్లు పట్టుకున్నారు. మంచి కేసు. వీడియోలో అంతా స్పష్టంగా పడింది.

పరిగెత్తేవాళ్ల వెనక కొంత దూరంలో కంప చాటు నుంచి ఆడవాళ్లు గబగబా లేచి కొంగులు తల మీదికి లాక్కుని పరిగెత్తడం కూడా పడింది. అది ఎవరూ చూడలేదు. చూసినా, చూడాల్సిన విషయంగా అనిపించలేదు. కిరణ్ ఆ వీడియోకు సినిమా పాట ఒకటి జోడించి స్టేషన్ పేజీలో పెట్టించాడు. జనం విరగబడి నవ్వుకున్నారు. పై అధికారులు చప్పట్ల బొమ్మలు పంపారు.

ఓబుళమ్మ తెచ్చిన చెంబు

తర్వాతి రోజు ఓబుళమ్మ స్టేషన్‌కు వచ్చింది. నలభై దాటిన మనిషి, కూలికి పోతుంది, కొంత శెనక్కాయ చేను ఉంది. నేరుగా ఎస్సై గదిలోకి పోయి బల్ల మీద ఒక సత్తు చెంబు పెట్టింది.

"ఇది పట్టుకోని పోతాం సార్ మేము ఆడికి. పేకముక్కలు కాదు."

కిరణ్‌కు అర్థం కాలేదు. నాకు అర్థమైంది.

"మా పాపను సెల్లులో సినిమా మాదిరి చూపిస్తాండారు ఊరంతా. పేకాట రాణి అంటాండారు. ఆయమ్మి వెనకాలనే నేనూ ఉండా చూడు, ఎర్ర చీర. నన్నెందుకు రాణి అనరు? ముసిలిదాన్ననా?"

ఆ పాప శ్రీలత, ఆమె కూతురు. కానిస్టేబుల్ పరీక్ష రాసింది, దేహదారుఢ్య పరీక్ష దగ్గరికి వచ్చింది. రోజూ ఆ మిట్ట మీదే పరుగు సాధన చేసేది. వీడియోలో మిగతావాళ్లంతా చీరల్లో, కొంగుల్లో దాక్కున్నారు. ట్రాక్ ప్యాంటు వేసుకున్న శ్రీలత ఒక్కతే ఆనవాలు తెలిసిపోయింది.

"అమ్మా, ఊరంతా మరుగుదొడ్లు కట్టించారు కదా?" అన్నాడు కిరణ్, నిజంగా తెలియక.

"కట్టిచ్చినారు సార్. శెనక్కాయ పొట్టు పోసుకోని ఉండాం. వాన తగలకుండా బాగుండాది."

"అందులో పొట్టు పోయడమేంటమ్మా!"

"బోర్లు ఎండిపాయె. ట్యాంకరు వస్తే ఇంటికి రెండు బిందెలు. దాన్ని తాగల్నా, దొడ్లో పోయల్నా? నువ్వు చదువుకున్నోడివి, నువ్వే చెప్పు."

కిరణ్ ముఖం ఎర్రబడింది. ఆ నిమిషమే పేజీలోంచి వీడియో తీయించాడు. అందుకు అతన్ని మెచ్చుకుంటాను, చాలామంది పై నుంచి మాట వచ్చేదాకా కూర్చుంటారు. కానీ అప్పటికే అది ఫోన్ల నుంచి ఫోన్లకు పోయింది. పేజీలో తీసేస్తే తిరిగి వచ్చేది కాదు.

"ఇంకెప్పుడూ జరగదమ్మా," అన్నాడు.

"జరగదని నాకు చెప్తే ఏం లాభం సార్? మా పాపను వాళ్ల నాయన వాకిలి దాటనీలే. పరుగు లేదు, గిరుగు లేదు అంటాండాడు. ఇన్నేళ్లు ఇంట్లో ఎద్దుల మాదిరి పనిచేసి చదివిచ్చుకున్నాం ఆయమ్మిని. ఇప్పుడు ఏం చేయల్ల?"

పోతూ పోతూ చెంబు తీసుకోవడం మర్చిపోలేదు.

నారాయణప్ప ఇంట్లో

ఆ సాయంత్రం నేను వాళ్లింటికి పోయాను, యూనిఫాం లేకుండా. శ్రీలత వాకిట్లో తాడాట ఆడుతోంది. పరుగు పోయినా దమ్ము పోకూడదని. తండ్రి నారాయణప్ప అరుగు మీద కూర్చుని దారాలు పేనుతున్నాడు. మాటలు తక్కువ మనిషి.

"నలుగురూ నగుతాండారు మేడం," అన్నాడు. "అంగడికి పోతే నగుతారు, చేన్లో నగుతారు. నగేటోళ్లకు నేనేం సమాధానం చెప్పల్ల?"

"నువ్వెందుకు చెప్పల్ల నారాయణప్పా? తీసినోళ్లం మేము."

"మీరు పోలీసోళ్లు. మిమ్మల్ని ఎవురు అడుగుతారు? నన్ను అడుగుతారు."

అడిగేవాళ్లు లేకపోవడమే మా శాఖకున్న జబ్బు, ఆయన ఒక్క ముక్కలో చెప్పేశాడు. శ్రీలత తాడు ఆపి అంది: "ఇంట్లో పరిగెత్తేకి కాదు గదా మేడం. ఇంకొన్ని దినాలు ఇట్లనే ఉంటే నేను గ్రౌండులో సగానికే పడిపోతా." తండ్రి వినిపించనట్టే దారం పేనుతున్నాడు.

చాటింపు వేయమన్నారు

ఊరి ఆడవాళ్లు కిరణ్‌ను ఒకటే అడిగారు. డ్రోన్ ఎగిరే ముందు చాటింపు వేయాలి. మా పల్లెల్లో ట్యాంకరు వస్తోందన్నా, రేషన్ వచ్చిందన్నా, పశువుల డాక్టరు వచ్చాడన్నా తప్పెట కొట్టి చెప్తారు. ఊరికి సంబంధించింది ఏదైనా ఊరికి ముందు తెలియాలి. వాళ్ల ప్రకారం ఆకాశంలో ఎగిరేది కూడా అందులో భాగమే.

ఈ కోరిక విని మా సీఐ గారు కుర్చీలో వెనక్కి వాలి నవ్వారు. ఇరవై ఏళ్ల సర్వీసున్న మనిషి, ఈ జిల్లావాడే.

"ఏమప్పా కిరణ్, దొంగోన్ని పట్టేకి పోతా తప్పెట కొట్టుకోని పోతామా? 'వస్తాండాం, పేకలు సర్దుకోండి' అని?"

ఇక్కడ ఆయన్ను తేలిగ్గా తీసుకోకండి. ఆయన అడిగింది సరైన ప్రశ్నే. ముందుగా చెప్పే నిఘా నిఘా కాదు. చెప్పకుండా చేసే నిఘా ఇలా అవుతుంది. ఈ రెండింటి మధ్య ఎక్కడ నిలబడాలో ఆ గదిలో మా ముగ్గురికీ తెలియదు. నేను అన్నదల్లా, ఆ మాట మాకు కాదు, వాళ్లకే చెప్పండి సార్ అని. ఆయన సరేనని ఆదివారం అంగన్‌వాడీకి వచ్చారు. చిన్నపిల్లల కుర్చీలో సగం పట్టక సగం పట్టి కూర్చున్నారు.

"అమ్మా, చాటింపు కుదరదు," అన్నారు సీఐ. "పోనీ, మీ మిట్ట పక్కకు డ్రోన్ రాదు అని మేము మాటిచ్చినాం అనుకోండి. పేకాటోళ్లకు తెలిసిపోతాది. అందరూ వచ్చి మీ మిట్టలోనే కూసుంటారు. అప్పుడు?"

ఆడవాళ్లు ఒకరి ముఖాలు ఒకరు చూసుకుని నవ్వారు. ఓబుళమ్మ అంది:

"ఆడోళ్ల పక్కకు మొగోడొస్తే మీ డ్రోను దేనికి సార్? మా కాళ్లకు చెప్పులుండాయి."

సీఐ కూడా నవ్వేశారు. కుర్చీ విరుగుతుందేమోనని నేను చూస్తున్నాను.

అక్కడి నుంచి పని సాఫీగా జరిగింది. మిట్ట ఎక్కడి నుంచి ఎక్కడి వరకో ఆడవాళ్లే చెప్పారు. దాని మీద ఏ వేళలోనూ డ్రోన్ ఎగరదు. మిగతా చోట్ల ఎగరేసుకోవచ్చు, చాటింపు అక్కర్లేదు. కానీ తీసిన వీడియో ఏ పోలీసు సొంత ఫోన్‌లోనూ ఉండకూడదు. కేసుకు కావాల్సింది కోర్టుకు పోతుంది, మిగతాది చెరిపేస్తారు. నెలకోసారి ఊళ్లోవాళ్లతో వేసిన కమిటీ వచ్చి, యాడ ఎగరేసినారు, ఎందుకు, చెరిపినారా లేదా అని అడుగుతుంది, ఎస్సై చెప్పాలి. స్టేషన్ పేజీలో ఏం పెట్టాలన్నా కమిటీకి చూపాలి. ఫకృద్దీన్ ఒక్కడే దిగులుగా ఉన్నాడు. "పాట కూడా పెట్టకూడదా మేడం?" అని మెల్లగా అడిగాడు.

సీఐ అనుమానించినట్టే, వారం తిరక్కముందే ఒక గుంపు మిట్టలోకి చేరింది. డ్రోన్ రాదని ధైర్యం. అవ్వలతో సహా ఆడవాళ్లు చుట్టుముట్టారు. ఆ గుంపులో ఇద్దరు తమంతట తామే స్టేషన్‌కు పరిగెత్తుకొచ్చి, మమ్మల్ని లోపల పెట్టండి సార్ అన్నారు. ఒకడి చెవి వాచిపోయింది. ఇలా కొట్టడం చట్టం కాదని నేను ఆడవాళ్లకు గట్టిగానే చెప్పాను. వాళ్లు తలలూపారు. సీఐ ఆ తర్వాత చాటింపు మాట ఎత్తి నవ్వలేదు.

గ్రామసభలో

ఇవన్నీ జరిగాయి కానీ శ్రీలత మాత్రం వాకిలి దాటలేదు. నారాయణప్పకు రూల్స్‌తో పనిలేదు. ఊరు నవ్వడం ఆగాలి. కిరణ్ ఒక ఆలోచన చేశాడు. గ్రామసభలో ఈ ఒప్పందం చదివి వినిపించేటప్పుడు, ఆ అమ్మాయి పేరు మీద పడ్డ మచ్చ కూడా అందరి ముందూ తుడిచేస్తానన్నాడు. నాకూ బాగుందనిపించింది.

బడి ఆవరణలో సభ. నారాయణప్ప వెనక గోడకు ఆనుకుని నిలబడ్డాడు. శ్రీలత వచ్చి ఓబుళమ్మ పక్కన కూర్చుంది, అన్ని రోజుల తర్వాత ఆమె నలుగురిలోకి రావడం అదే. కిరణ్ ఒప్పందం చదివాడు. తర్వాత కాగితం మడిచి అన్నాడు:

"ఇంకో మాట. శ్రీలత గురించి ఎవరెవరో ఏదేదో అంటున్నారు. ఆ అమ్మాయి ఆ రోజు అక్కడికి వెళ్లింది పరుగు ప్రాక్టీసు కోసం. రేపు మాలాగా యూనిఫాం వేసుకోవాల్సిన అమ్మాయి. పేకాటతో ఆమెకు ఏ సంబంధమూ లేదు."

కొందరు చప్పట్లు కొట్టారు. గోడ దగ్గర నారాయణప్ప తల ఎత్తాడు. అంతా అయిపోయిందనుకున్నాను. శ్రీలత లేచి నిలబడింది.

"సార్, ఆ పొద్దు నేను పరిగెత్తేదానికి పోలేదు."

తల్లి ఆమె చేయి పట్టుకుని కిందికి లాగింది. ఆమె కూర్చోలేదు.

"మా యమ్మ దేనికి పోయిందో నేనూ దానికే పోయినా. ఆడుండే అందరూ దానికే వచ్చినారు. నేను పరుగుకు పోయినా అని నన్నొక్కదాన్నే మంచిదాన్ని చేస్తాండారు. మరి నా వెనకాల పరిగెత్తిన అవ్వ దేనికొచ్చినట్ల? ఆయమ్మకు మీరు ఏ కారణం చెప్తారు? యాడికి పోయినా, దేనికి పోయినా, మీరు అట్ల తీయకూడదు. అది చెప్పండి సార్. నా సంగతి కాదు."

నా సర్వీసులో ఎన్నో ట్రైనింగులకు పోయాను, ప్రైవసీ మీద కూడా రెండు మూడు క్లాసులు విన్నాను. వాటిలో చెప్పనిది ఇది. మంచి కారణం చూపించగలిగితేనే మనిషికి మర్యాద దక్కుతుందనే దగ్గరే మేమంతా ఆగిపోయాం. ఆ పిల్ల ఆగలేదు. తనకు దొరికిన మంచిపేరును అందరి ముందూ తిప్పి ఇచ్చేసింది.

కిరణ్ మడిచిన కాగితం జేబులో పెట్టుకున్నాడు. "అక్కడ తీయకూడదు. తీశాం. తప్పు మాది," అన్నాడు. ఒక ఎస్సై అలా ఊరి ముందు అనడం నేను మొదటిసారి విన్నది అప్పుడే.

అప్పుడు వెనక నుంచి నారాయణప్ప గొంతు వచ్చింది.

"ఆ వీడియో ఇంగా ఎవురన్నా పంపితే ఏం చేస్తారు సార్?"

"కేసు పెడతాం."

"అయితే రాసుకోండి. మొన్న రాత్రి గూడా ఒగడు నాకు పంపినాడు. నా బావమర్దే."

ఆడవాళ్ల వైపు నుంచి ఓబుళమ్మ లేచింది. "మా తమ్ముడే మేడం. ఇంటిపేరుతో సహా చెప్తా, తప్పు లేకుండా రాసుకోండి. పండగకు చీర పెట్టకపోయినా పాయె."

సభంతా నవ్వింది. నారాయణప్ప కూతురి వైపు తిరిగి, అందరికీ వినపడేలాగే అన్నాడు:

"రేపట్నుంచి పో పాపా. నేనూ వస్తా. మిట్ట మీదనే కూసుంటా. ఎవుడు నగుతాడో చూస్తా."

"నువ్వు రాకూడదు నాయనా," అంది శ్రీలత. "అది ఆడోళ్ల పక్క. తంతారు."

ఈసారి ఆయన కూడా నవ్వాడు. "మరి నేను యాడ నిలబడల్ల?"

"రోడ్డు కాడ."

మరుసటి రోజు పొద్దున నేను ఆ దారిన జీపులో పోతూ చూశాను. గాలి ఇంకా లేవలేదు. నారాయణప్ప తారు రోడ్డు అంచున, మిట్టకు వీపు పెట్టి నిలబడి ఉన్నాడు. ఆయన వెనక, దూరంగా, శ్రీలత పరుగుకు ఎర్రమట్టి దుమ్ము లేస్తోంది. డ్రైవరు జీపు వేగం తగ్గించబోతే వద్దన్నాను. మేం దాటిపోయేదాకా ఆయన ఒక్కసారి కూడా వెనక్కి తిరిగి చూడలేదు.